గుడ్డెలుగుకు గుడ్డు తినిపించిన రోజు

ఆ రోజుల్లో, అంటే కొత్త రాష్ట్రం వచ్చి ఆఫీసు బోర్డుల మీద కొత్త పేర్లకు ఇంకా రంగు ఆరని రోజుల్లో, నాకు చేతకాని పని లేదని నాకు గట్టి నమ్మకం. (ఆ నమ్మకానికి ఆధారమేమిటని ఎవరూ అడగలేదు.) మహబూబ్‌నగర్‌లో డిగ్రీ ముగించుకుని వచ్చి, కల్వకుర్తిలో మా పెద్దమామ నడిపే టెంట్‌హౌస్‌లో చేరాను. చేరీ చేరగానే బోర్డు మీద టెంట్‌హౌస్ అన్న మాట చెరిపించి 'ఈవెంట్స్' అని రాయించాను. సామాను మాత్రం పాతదే: ఎర్ర తివాచీలు, పెళ్లి సోఫా, కాలు ఊగే కుర్చీలు. అదనంగా నేను పట్టుబట్టి కొనిపించింది పొగ మిషను. పెళ్లికూతురు నడిచి వస్తుంటే మబ్బుల్లోంచి దిగి వస్తున్నట్టు కనిపించాలని దాని ఉద్దేశం. మొదటి పెళ్లిలో పెళ్లికూతురు దగ్గుతూ వచ్చింది, అది వేరే సంగతి.

అలాంటి మాకు సర్కారు కాంట్రాక్టు దొరికింది. చుట్టుపక్కల ఊళ్ల అంగన్‌వాడీ పిల్లలందరినీ ఒకచోట చేర్చి ఆటపాటల మేళా పెట్టాలి. అది బాగా జరిగితే ఆ ఏడాదంతా అంగన్‌వాడీ గదుల్లో బొమ్మలు పేర్చి ఆట మూలలు అమర్చే పని, తల్లుల మీటింగులు నడిపే పని కూడా మాకే. చెడిపోతే మళ్లీ పెళ్లిళ్లకు కుర్చీలు మోయించుకోవడమే. అంగన్‌వాడీలను చూసే శాఖ మేడం మమ్మల్ని పిలిపించి ఒకే ఒక్క షరతు పెట్టింది.

"చూడమ్మా, వచ్చేటోళ్లు మూడేండ్లు, నాలుగేండ్ల పిల్లలు. స్టేజీ ఎట్లున్నా నాకు ఫికర్ లేదు. ఒక్కరు గూడ ఏడ్వొద్దు. నేనొచ్చేసరికి ఏడుపు ఇనవడ్డదంటే మీకు ఇంకో పని ఇయ్య."

"ఏడ్చుడేంది మేడం! అయిపోయినంక ఇంటికి పోమని ఏడుస్తరు సూడుండ్రి," అన్నాను.

బయటికి రాగానే పెద్దమామ నెత్తి పట్టుకున్నాడు. "గంత మాటెందుకన్నవే? మనింట్ల చంటిపొల్ల ఏడుస్తేనే ఊకుంచరాదు నీకు!"

పిల్లలను మురిపించడానికి హైదరాబాద్ నుంచి బొమ్మ వేషం కిరాయికి తెప్పించాను. అడిగింది కుందేలు, వచ్చింది ఎలుగుబంటి. మూతి నిండా నవ్వు, బొజ్జ మీద ఎర్ర గుండె, చూడ ముచ్చటగానే ఉంది. అది సరిపోయే ఆకారం మా దగ్గర ఒక్క చిన్నమామకే ఉంది. పెద్దమామ తమ్ముడు, ఎంత పొడుగో అంత లావు, అంతే మెత్తని మనిషి. చిక్కేమిటంటే మేళా శనివారం. శనివారాలు చిన్నమామకు ఒక్కపొద్దు. దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్లే, ఆనాడు గుడ్డు, మాంసం కంటితో కూడా చూడడు.

"ఉపాసముండి దాంట్ల దూరాల్నా?" అన్నాడు దీనంగా.

"జరసేపే మామా. చెయ్యూపితే చాలు," అన్నాను.

ఆ ఉదయం మైదానంలో ఆటోల్లోంచి, డీసీఎం వ్యాన్లలోంచి పిల్లలు దిగారు. నూనె పెట్టి నున్నగా దువ్విన తలలు, చెంపకు దిష్టి చుక్కలు, ఆయమ్మ ఒలిచిచ్చిన ఉడికిన గుడ్డు ఒక్కో చేతిలో. అందరినీ పెళ్లి కుర్చీల్లో కూర్చోబెట్టాం. మోకాళ్లు కూడా అంచు దాకా రాక, కాళ్లు బారజాపుకుని బుద్ధిగా చూస్తున్నారు. నేను చెయ్యి ఊపాను. డప్పు మోగింది. పొగ లేచింది. పొగలోంచి చిన్నమామ వచ్చాడు.

ఎలుగుబంటిని మా వైపు గుడ్డెలుగు అంటారు. నల్లమల అడవి మాకు దూరమేమీ కాదు. అన్నం తినని పిల్లలకు ప్రతి ఇంట్లోనూ చెప్పే పేరు అదే. (నన్ను కూడా మా అవ్వ అలాగే పెంచింది. ఆ సంగతి ఒక్కసారైనా నా బుర్రకు ఎందుకు తట్టలేదో నేటికీ తెలియదు.)

"అమ్మో, గుడ్డెలుగొచ్చింది! తింట, నేను మొత్తం తింట!" అని ముందు వరుసలో ఒక బుడ్డోడు కేక పెట్టాడు.

అంతే. ఏడుపు ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి పాకి మైదానమంతా అంటుకుంది. చిన్నమామది జాలి గుండె కదా, ఓదారుద్దామని రెండు చేతులూ చాపి ముందుకు ఉరికాడు. పిల్లలు కుర్చీలు దిగి పరుగు. వేషం విప్పేయమంటే వెనక జిప్పు ఇరుక్కుపోయింది. పెద్దమామ ఫోను చెవికి పెట్టుకుని వగరుస్తూ వచ్చాడు. "మేడం జీపు చౌరస్తా దాటిందట! ఏమన్న చెయ్యే బిడ్డా!"

ఏం చేయాలో నాకేం తెలుసు? కాళ్లు మాత్రం పరుగెత్తాయి. చిన్నమామ చెవి, అంటే ఎలుగుబంటి చెవి, పట్టుకుని కిందికి గుంజాను.

"కూసో మామా. ఏడ్వు!"

"నేనా?"

"నువ్వే. గట్టిగ!"

పొద్దటి నుంచి కడుపులో మెతుకు లేదు, లోపల ఉక్క, పైగా ఇంతమంది పిల్లలు తనను చూసి జడుసుకున్నారన్న బాధ. చిన్నమామ నేల మీద చతికిలబడి వలవల ఏడ్చాడు. ముందు దగ్గరి పిల్లలు ఏడుపాపి చూశారు, తర్వాత వెనకవాళ్లు. తమకంటే గట్టిగా ఏడ్చేవాణ్ణి వాళ్లు ఎన్నడూ చూడలేదు.

"ఎందుకేడుస్తున్నవ్ గుడ్డెలుగూ?" అన్నాను అందరికీ వినబడేలా.

"ఆకలైతాందీ!" (ఇందులో నటన ఏమీ లేదు.)

పసుపు గౌను వేసుకున్న ఒక చిన్నది, ఇంకా వెక్కుతూనే, గుడ్డు పట్టుకుని వచ్చి చేతికందని దూరంలో నిలబడింది. "ఏడ్వకు. తిను. తినకుంటే..." అని ఆగింది. గుడ్డెలుగును ఎవరి పేరు చెప్పి భయపెట్టాలో తెలియలేదు పాపం. కాసేపు ఆలోచించి, "తినకుంటే మా అవ్వొస్తది!" అంది.

చిన్నమామ చూసేందుకు, గాలి పీల్చేందుకు ఆ వేషానికి నోరే దారి. చిన్నది రెండడుగులు వేసి గుడ్డును అందులో కూరింది. లోపలి నుంచి సన్నగా వినబడింది.

"పిల్లా, ఇయ్యాల శనివారమే!"

"తిను మామా. దేవునికి నేను చెప్త."

తిన్నాడు. మైదానమంతా చప్పట్లు. ఇక పిల్లలు ఆగలేదు. తోసుకుంటూ వచ్చి, బొజ్జ ఎక్కి, మూతి తుడిచి, "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ అచ్చం తమ తల్లుల గొంతుతో తినిపించారు. సరిగ్గా అప్పుడే మేడం జీపు దిగింది. ఖాళీ కుర్చీలు చూసింది, నేల మీద నవ్వుల గుంపు చూసింది, చెప్పులు విప్పి తివాచీ మీద కూర్చుంది. ఎవరో ఆమె చేతిలో కూడా గుడ్డు పెట్టి, "నువ్వు గూడ పెట్టు," అన్నారు. పెట్టింది.

"ఇదంతా మీ ప్లానేనా?" అంది నా వైపు తిరిగి.

"అవును మేడం," అన్నాను రెప్ప కొట్టకుండా.

పొద్దు వాలాక పిల్లలను ఆటోలు ఎక్కిస్తుంటే మళ్లీ ఏడుపు లేచింది. తీరా చూస్తే, ఇంటికి పోమని! మేడం నవ్వు ఆపుకోలేక నా భుజం తట్టి, "చెప్పినట్టే చేసినవ్, సోమవారం ఆఫీసుకు రా," అంది. పెద్దమామ నన్ను ఎత్తి తిప్పినంత పని చేశాడు. చిన్నమామను కత్తెరతో వేషంలోంచి బయటికి తీశాం. ఆయన ముందుగా అన్న మాట: "ఆ పసుపు గౌను పిల్ల మంచిగ తినిపిచ్చింది."

ఆ ఏడాది పనంతా మాకే వచ్చింది. ఆ తర్వాత అలంపూర్ దాకా, నందికొండ దాకా మా బండి తిరగని మండలం లేదు. ఇప్పుడు ఆ సంస్థను నేనే నడుపుతున్నాను. నా కింద మనుషులున్నారు, వాన వస్తే ఏం చేయాలో, కరెంటు పోతే ఏం చేయాలో అన్నీ ముందే ఆలోచించి పెట్టుకుంటాను. పనులు ఏ లోటూ లేకుండా జరిగిపోతాయి. ఇంటికి వస్తూ కారు అద్దంలో చూసుకుంటే మాత్రం, జుట్టు రేగిపోయి, చున్నీ నడుముకు చుట్టుకుని, ఏం తెలియకుండానే మైదానానికి అడ్డంగా పరుగెత్తిన ఆ పిల్ల ఎక్కడైనా కనిపిస్తుందేమోనని వెతుక్కుంటాను. కనిపించదు. నవ్వు మాత్రం వస్తుంది.