మూడో నంబరు కెమెరా

పెనుగొండలో ఆ బట్టల కొట్టుకి కెమెరాలు బిగించింది నేనే. ఒకరోజు పొద్దున్నే యజమాని ఫోన్ చేశాడు.

"పట్టుచీర ఒకటి కనబడట్లేదండి. కెమెరాలో చూద్దామంటే మూడో నంబరు రావట్లేదు. ఒకసారి రండి."

నేను వెళ్ళేసరికి పట్టుచీరల కౌంటర్లో పదకొండేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడ గోడవారగా నిలబడి ఉంది. చీర ఆవిడే తీసిందని యజమాని అనుమానం. నన్ను చూడగానే ఆవిడ ముఖం కాస్త తేరుకుంది.

"వచ్చారా బాబూ! నిన్నటిది వేసి చూపించండి. నేను తీశానో లేదో అందులోనే ఉంటుంది."

కంప్యూటర్ తెరిచాను. మిగతా బొమ్మలన్నీ వస్తున్నాయి. మూడో గడి మాత్రం నల్లగా ఉంది. కనెక్షన్ ఎర్రర్. వైరు చూశాను, బాగానే ఉంది. కెమెరాకి కరెంటు అందుతోంది, నెట్‌వర్క్‌లో జవాబు కూడా ఇస్తోంది. సాఫ్ట్‌వేరే లోపలికి వెళ్ళలేకపోతోంది.

అప్పుడు గుర్తొచ్చింది. పది రోజుల క్రితం అన్ని కెమెరాలకీ పాస్‌వర్డ్ మార్చాను. కొత్తది సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోదానికీ ఎక్కిస్తుంటే తణుకు నుంచి ఇంకెవరో ఫోన్ చేశారు. ఆ హడావుడిలో మూడోది వదిలేసి లేచిపోయాను. ఆ రోజు నుంచీ దానికి రికార్డింగే లేదు. ఎవరూ గమనించలేదు.

పాస్‌వర్డ్ కొట్టాను. బొమ్మ వచ్చింది.

"వచ్చిందండీ!" అంది ఆవిడ.

"ఇప్పటిదే వస్తుందండి. నిన్నటిది లేదు," అన్నాను.

"ఎందుకు లేదు?" అన్నాడు యజమాని.

తెర మీంచి కళ్ళు తిప్పకుండా అన్నాను, "నెట్‌వర్క్ ప్రాబ్లమ్ అండి. అప్పుడప్పుడు వస్తుంటుంది."

ఆయన ఆవిడ వైపు తిరిగాడు. "ఏమ్మా, సరిగ్గా నీ కౌంటరు కెమెరాయే ఆగిపోయిందేంటి?"

ఆవిడ నావంక చూసింది. నేను బ్యాగు సర్దుకున్నాను. నా కళ్ళముందే ఆవిడ క్యారేజీ తీసుకుని మెట్లు దిగిపోయింది.

వారం రోజులు అన్నం సయించలేదు. చివరికి వెళ్ళి యజమానికి జరిగింది చెప్పాను.

"ఇప్పుడు చెప్తే ఏం లాభమండి? ఇంకో అమ్మాయిని పెట్టేసుకున్నాం," అన్నాడాయన, చీర మడతపెడుతూనే.

అడ్రసు కనుక్కుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది.

"ఆ రోజు ఒక్క మాట అనుంటే సరిపోయేది కదా బాబూ. ఇప్పుడు ఈ వీధిలో ఎంతమందికని చెప్తారు?"

మా వైపు గుమ్మంలోకి వచ్చిన మనిషికి మంచినీళ్ళైనా ఇస్తారు. ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.