గుడి ముందటి తెల్ల పందిరి

మా ఊరి గుడి ముందు నేను కట్టిన పందిరి ఇంకా నిలబడే ఉంది. ఈ సంగతి విన్నవాళ్ళందరూ శభాష్ అంటారు. నేను మాత్రం ఆ "ఇంకా" దగ్గరే ఆగిపోతాను.

మాది వేంపల్లె పక్కన ఒక పల్లె. మేము క్రైస్తవులం. మా తాతల నాటి నుంచి మావాళ్ళు చర్చిని గుడి అనే అంటారు. రాతి గోడల చిన్న గుడి అది. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క కూర్చుంటే నిండిపోతుంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, మెట్లెక్కలేని ముసలివాళ్ళు బయటే కూర్చుని, తలమీద కొంగో తువ్వాలో కప్పుకుని ప్రసంగం వినాలి. మా ఎండ సంగతి తెలిసిందే కదా, దేవుడి మాట చెవిలో పడేలోపు మాడు పగులుతుంది. నేను కడపలో ఆర్కిటెక్చర్ చదవడానికి చేరిన రోజు నుంచి ఊళ్ళో ఎవరు కనిపించినా ఒకటే అడిగేవాళ్ళు: "మన గుడి ముందర నీడ ఎప్పుడు కడ్తావు పాపా?"

నాలుగో ఏడాదిలో ఒక మేడమ్ మాకు పారామెట్రిక్ మోడలింగ్ చెప్పారు. అప్పటిదాకా నేను గీత గీస్తే గీసినచోటే ఉండేది. ఇందులో గీతలు కాదు, సంబంధాలు రాయాలి. ఈ పలక అంచుకు ఆ పలక అంచు ఎంత దూరం, వంపు ఎంత పెరిగితే ఎత్తు ఎంత పెరగాలి, ఇలాంటివన్నీ చెప్పి వదిలేస్తే చాలు. ఆ తర్వాత తెర మీద స్లైడరు అనే చిన్న మీట ఒక్కటి జరిపితే మొత్తం ఆకారం దానంతట అదే సర్దుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఈ మూల ముట్టుకుంటే ఆ మూల కదలడం ఏమిటి అనిపించింది. "ఇందులో ఒంటరి ముక్క అంటూ ఉండదు. ఒక్కటి తప్పితే అన్నిటికీ తెలుస్తుంది," అన్నారు మేడమ్. ఆవిడ అది గొప్పగానే చెప్పారు. నాకు మాత్రం బెదిరించినట్టే వినిపించింది.

ఆ ఏడాది ప్రతి ఒక్కరూ ఒకటి నిజంగా కట్టి చూపించాలి. నేను మా గుడి పందిరి ఎంచుకున్నాను. మధ్యలో స్తంభాలు లేకుండా, నాలుగు ఇనుప పాదాల మీద బోర్లించిన గంపలా నిలబడుతుంది. దాని నిండా ఆరు అంచుల ప్లైవుడ్ పలకలు, తేనెపట్టు గదుల మాదిరి ఒకదాని పక్కన ఒకటి, బోల్టులతో బిగించినవి. చూడటానికి అన్నీ ఒకే అచ్చు. కానీ ఏ రెండూ ఒకటి కావు. ఒకదాని అంచు నూలుపోగంత పొడుగు, ఇంకోదాని అంచు వెంట్రుకవాసి ఏటవాలు. దాని బలమంతా ఆ తేడాల్లోనే ఉంది. దేని చోట అది ఉంటే బరువు పలక నుంచి పలకకు పాకి నేలకు దిగిపోతుంది.

కాలేజీ లాబ్‌లో సీఎన్‌సీ మిషను ఆ పలకలు కోస్తుంటే నేను పక్కనే నిలబడేదాన్ని. కంప్యూటర్ నుంచి ఫైలు పంపితే చాలు, మనిషి చెయ్యి తగలకుండా అదే తిరిగి, అదే కోసి, ప్రతి పలక లోపలి వైపు దాని నంబరు కూడా అదే సన్నగా చెక్కేది. ఆ నంబరు లేకపోతే ఏ పలక ఎక్కడిదో కోసిన మిషనుకే తెలియదు. నాకు పరీక్షలు ఉండటంతో పలకల్ని టెంపోలో ముందే ఊరికి పంపేశాను. క్రిస్మస్ సెలవులకు వచ్చి బిగించాలని నా ఆలోచన. పండగ రోజే ప్రారంభం అని మా పాస్టరు, మేము అయ్యగారు అంటాం, అప్పటికే ప్రకటించేశారు.

మా నాయన ఇళ్ళకు రంగులు వేసే పని చేస్తాడు. ఏటా పండగ ముందు గుడికి సున్నం కొట్టేది ఆయనే. కూలి తీసుకోడు, అది ఆయన కానుక. గోడలో చిన్న గీత కనిపించినా లప్పం పెట్టి పూడ్చి, ఆరాక ఎమరీ కాగితంతో రుద్ది నున్నగా చేస్తే తప్ప ఆయనకు అన్నం సయించదు. నా ముఖం మీద మొటిమ లేస్తే దానికీ లప్పం పెడతాడేమోనని మా అమ్మ ఎగతాళి చేసేది.

పరీక్షలు అయిన మర్నాడు బస్సు దిగి నేరుగా గుడికి పోయాను. పలకలన్నీ గోడకు ఆనించి వరసగా ఆరబెట్టి ఉన్నాయి. అన్నీ తెల్లగా, మీగడలా నున్నగా ఉన్నాయి. నాయన చేతుల మీద, కనుబొమల మీద తెల్ల పొడి.

"ఎట్టుండాది మ్మా?" అన్నాడు. "ముక్క ముక్కకూ రెండు పూతలు లప్పం పెట్టినా. మిషనోడు లోపల ఏందేందో గీకినాడు, కోతమిల్లులో దుంగల మింద గుర్తులు పెడతారు సూడు, అట్ల. దేవుని గుడికి ఆ గీతలు బాగుంటాయా? ముందు గరుకు కాగితంతో రుద్దేసి, యాడా కనపడకుండా పూడ్సినా."

ఒక పలక తిప్పి చూశాను. ఇంకోటి తిప్పాను. వేలితో తడిమాను. ఎక్కడా నంబరు లేదు. ఆయన నా ముఖంలోకి చూస్తూ, మెచ్చుకుంటానేమోనని నిలబడి ఉన్నాడు. "బాగుంది నాయనా," అన్నాను. ఆ ముఖం చూసి ఇంకో మాట అనే కూతురు ఎవరైనా ఉంటే నాకు చూడాలని ఉంది.

ఆయన భోజనానికి పోయాక రెండు మూడు పలకల మీద లప్పం గీకి చూశాను. కింద ఉత్త చెక్క. నంబర్లు అసలే లోతు తక్కువవి, గరుకు కాగితం కింద అరిగిపోయాయి. మళ్ళీ కోయడానికి ప్లైవుడ్ లేదు, లాబ్ సెలవులకు మూసేశారు. మేడమ్‌కు ఫోను చేస్తే, ప్రతి పలక అంచులూ కొలిచి కంప్యూటర్‌లోని మోడల్‌తో పోల్చుకోమన్నారు. కొలిచాను. కానీ లప్పం అంచుల మీదికి కూడా పాకింది, తడికి చెక్క ఉబ్బింది, రుద్దినచోట అరిగింది. టేపు ఒకటి చెబుతుంది, తెర మీద ఇంకోటి ఉంటుంది. చాలా పలకలు వెతికి వెతికి వాటి చోట్లలో పెట్టగలిగాను. నీళ్ళ ట్యాంకు వైపు మూలకు వచ్చేసరికి మిగిలిన పలకల్లో ఏది ఏదో తేలలేదు. ఊరి కుర్రాళ్ళు "పడుతుందిలే అక్కా" అంటూ బోల్టులు బలవంతంగా బిగించారు. ఒక్కో బిగువుకు చెక్క మూలిగింది. బిగించేదాకా ఆసరాగా కిందపెట్టిన కర్రలు తీసినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య ఆ మూల నుంచి టక్కుమని ఒక చప్పుడు నాకు వినిపించింది.

పండగకు మేడమ్ కూడా వచ్చారు. పందిరంతా తిరిగి చూసి, ఆ మూల దగ్గర ఆగి, చేత్తో తట్టి, పైకి చూశారు. "ఇప్పటికి పర్వాలేదు. కానీ ఈ మూల మీద ఒక కన్నేసి ఉంచు," అన్నారు. పక్కనే గుడి వ్యవహారాలు చూసే సంఘ పెద్ద ఉన్నాడు. ఆయన చెవికి మొదటి మాట ఒక్కటే సోకింది.

ఆ మూల పలకల మధ్య సన్నని సందులు మిగిలితే నాయన లప్పం పెట్టాడు. వారం తిరక్కముందే అది చీలింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ చీలింది, ఈసారి చీలిక పక్క పలకకు పాకింది. నేను సెలవులకు వచ్చిన ఒక పొద్దున నన్ను పిలిచి చూపించాడు.

"పాపా, ఈ మూలన లప్పం నిలవడం ల్యా. ఇన్నేండ్ల పనిలో ఎప్పుడూ ఇట్ల కాలేదు. ఏంది కత?"

ఇక దాచలేకపోయాను. నంబర్ల సంగతంతా చెప్పాను. ఆయన చేతిలోని లప్పం రేకు కిందపెట్టి, నేల చూస్తూ విన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"అంటే నేను పూడ్సింది వాటి సిరునామాలా?" అన్నాడు చివరికి.

ఇద్దరం కలిసి సంఘ పెద్ద దగ్గరికి పోయాం. పందిరి విప్పేద్దాం, మళ్ళీ కోయించి కడతాను అన్నాను. ఆయన మంచివాడే. మాకు టీ తెప్పించి, నింపాదిగా విని, నవ్వాడు. "సదువుకున్న పిల్లవి, శానా ఆలోచిస్తాండావు. మీ మేడమే పర్వాలేదనె గదా. ఇంటికంటే గుడి పదిలమని ఊరికే అన్నారా?" నేను వదలకపోయేసరికి నవ్వు తగ్గించాడు. "ఎండాకాలం వస్తాండాది పాపా. నువ్వు మళ్ళా కట్టేదాకా ఆ ముసలోల్లను ఎండలో కుచ్చోబెట్టమంటావా?"

కనీసం ఆ మూలకు ఎవరూ పోకుండా తాడు కడతానంటే ఒప్పుకున్నాడు. తర్వాత ఒక పెళ్ళి వచ్చింది, కుర్చీలు వెయ్యడానికి చోటు చాల్లేదు, తాడు విప్పేశారు. మళ్ళీ ఎవరూ కట్టలేదు.

చదువు అయ్యాక కర్నూలులో ఒక ఆఫీసులో చేరాను. అక్కడా ఇదే పని, తెర, స్లైడర్లు, మిషనుకు పంపే ఫైళ్ళు. ఒకరోజు ఉండబట్టలేక మా పందిరి మోడల్ తెరిచి, ఆ మూల పలకల్ని చోట్లు మార్చి, చీలిక ఎక్కడిదాకా పోయిందో అదీ చేర్చి, గాలి బరువు వేసి చూశాను. ఆ మూల ఎర్రబడింది, అంటే అక్కడ మోయలేనంత బరువు పడుతోందని. మా వైపు వానకు ముందు వీచే గాలి ఎలాంటిదో నాకు తెలుసు కాబట్టి స్లైడరును ఇంకొంచెం జరిపాను. ఎరుపు మధ్యదాకా పాకింది. పడుతుందా అంటే పడొచ్చు అంటుంది ఆ మోడల్. ఎప్పుడు అని అడిగితే చెప్పదు. ఆ బొమ్మ కాగితం మీద తీసి అయ్యగారికి, సంఘ పెద్దకు ఇచ్చాను. అయ్యగారు ప్రార్థన చేద్దామన్నారు. చేశారు కూడా.

ఆ వేసవిలో ఒక శనివారం ఊరికి పోయాను. మర్నాడు గుడికి పోతే, నాయన లోపల లేడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన చోటు లోపలే, ప్రసంగపీఠం ఎదుట మొదటి వరస. బయట వెతికితే నీళ్ళ ట్యాంకు వైపు మూలన కనిపించాడు. సరిగ్గా ఆ చీలిక కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అటు పక్క తువ్వాలు పరిచాడు, ఇటు పక్క సంచీ పెట్టాడు, వెనక చెప్పులు విడిచాడు. నలుగురు పట్టే చోటు ఒక్కడే ఆక్రమించుకున్నాడు. ఒక ముసలమ్మ అటు రాబోతే, "ఆ పక్క నీడ బాగుండాది పెద్దమ్మా, ఆడ కుచ్చో," అని పంపేశాడు. పిల్లలు పరిగెత్తుకొస్తే కళ్ళురిమాడు.

"ఎప్పటి నుంచి?" అని అమ్మను అడిగాను. "తాడు విప్పినప్పటి నుంచీ ఆడనే. లోపల ఉక్కగా ఉండాదంటాడు," అంది అమ్మ. ఆమెకు సంగతి తెలియదు. తెలియనివ్వలేదు ఆయన.

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. గాలి ఆడుతోంది. పైన చెక్క ఉండుండి టక్కుమంటోంది, ఆ చప్పుడు వినేవాళ్ళం ఇద్దరమే. పాట మొదలైంది, అందరూ పాటల పుస్తకాలు తెరుస్తున్నారు. నేను ఆడవాళ్ళ వైపు నుంచి లేచి, అందరూ చూస్తుండగా మగవాళ్ళ వైపు పోయి, ఆయన తువ్వాలు ఎత్తి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన పాట ఆపలేదు, నా వైపు తిరగలేదు. చరణం అయ్యేదాకా పాడి, పైకి ఒకసారి చూసి, నాకు మాత్రమే వినపడేటట్టు అన్నాడు.

"నువ్వు లే పాపా. ఈడికి ఒకరు సాలు."