సిపాయిల చెట్టు

మా ఆయన పోయాక రెండు ప్రాణాలు నా మీద పడ్డాయి. ఒకటి మా అత్తయ్య, రెండోది డాబా మీద కుండీలో ఉన్న పైన్ చెట్టు.

చెట్టంటే మూరెడు కూడా లేదు. ఆయన మిలిటరీలో ఉన్నప్పుడు, కొండ మీద కంటోన్మెంటులో చర్చి పక్కన ముసలి పైన్ చెట్టు ఒకటి ఉండేదట. తెల్లోళ్ళ కాలంలో యుద్ధానికి పోయే సిపాయిలు దాని కింద ప్రార్థన చేసుకుని బయల్దేరేవాళ్ళట. తిరిగి రానోళ్ళ పేర్లు ఇప్పటికీ మాను మీద చెక్కి ఉన్నాయట. దాని గింజలు తెచ్చి మాచర్ల ఎండల్లో మొలిపించాడు మహానుభావుడు. అన్నీ మాడిపోగా ఒక్కటి బతికింది. మోటారు వైండింగు షాపులో రాగి తీగ అడిగి తెచ్చి, కొమ్మలకు చుట్టి, బోన్సాయ్ చెట్టులా పొట్టిగా ఒంపులు తిప్పేవాడు. పక్కింటోళ్ళు చూసి, "సరుగుడు మొక్కకి ఇంత సేవేందయ్యా?" అని నవ్వేవాళ్ళు. "చరిత్ర మీకేం తెలుసులే" అని కసిరేవాడు. నాకూ నవ్వొచ్చేది.

పోయిన ఎండాకాలం గుండెపోటుతో పోయాడు. తర్వాత చర్చోళ్ళు ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికలో అందరూ ఏడ్చారు, నాకు ఏడుపు రాలా. వచ్చినోళ్ళకి టీలు అందినయ్యా లేదా అని చూసుకుంటా తిరిగా. "చానా గుండె నిబ్బరం" అన్నారు. నిబ్బరమూ లేదు, పాడూ లేదు. లోపల ఏమీ లేదు, అంతే. ఆ చెట్టు ఒక్కటి చావకూడదు అనుకున్నా. ఆయన చెప్పినట్టే మట్టిలో వేలు పెట్టి చూసి, ఆరితేనే నీళ్ళు పోసేదాన్ని.

వానాకాలం అయిపోయినా ఆ మట్టి ఆరట్లేదు. ఆకులు పచ్చగానే ఉన్నాయి గదా అని ఊరుకున్నా.

ఒకరోజు బట్టలు ఆరేద్దామని పెందలాడే పైకెక్కితే, అత్తయ్య కుండీ దగ్గర వంగి ఉంది. ఆమెకు చూపు సరిగ్గా ఆనదు. గోడ పట్టుకుని మెట్లెక్కి, బియ్యం కడిగిన నీళ్ళు చెంబుతో పోస్తోంది.

"ఏంది అత్తయ్యా ఇది?"

"కరేపాకు చెట్టుకి పోస్తే ఏపుగా రాలా? రోజూ పోస్తన్నానే. మెట్లెక్కొద్దని తిడతావని నీకు చెప్పలా."

ఆమెను చెయ్యి పట్టుకుని కిందికి దించి మళ్ళీ వెళ్ళా. మాను మీద గోరుతో గీరా. ప్రాణం ఉంటే లోపల పచ్చగా కనపడాలని ఆయన చూపించాడు. ఎండుకట్టె రంగు ఉంది. మట్టి కదిలిస్తే వేళ్ళు కుళ్ళి చేతికి ఊడొచ్చినయ్, ఒకటే కంపు. ఈ జాతి చెట్టు చచ్చిపోయినా నెలల తరబడి ఆకు పచ్చగానే ఉంటుందని ఆయన అంటుండేవాడు. ఎప్పుడు చచ్చిందో ఏమో. కోపం రావాలి, గట్టిగా అరవాలి. ఏదీ రాలా. మట్టి సర్ది, చేతులు కడుక్కుని దిగా.

అత్తయ్య మంచం మీద కూచుని నా అడుగుల చప్పుడు వింటోంది.

"ఏమే, ఎట్టుంది?"

"పచ్చగా ఉంది అత్తయ్యా."

ఆమె మొహం విప్పారింది. ఆయన పోయాక ఆ మొహం అట్టా చూడటం అదే మొదలు.

"కన్నోణ్ణి ఎట్టాగూ కాపాడుకోలేకపోయా. వాడు పెంచినదాన్నైనా బతికిచ్చుకున్నా" అంది. "ఈసారి క్రిస్మస్‌కి దానికే స్టార్ కడదామే."

"కడదాం" అన్నాను.