వెంకన్న గొంతుకు నేనిచ్చిన మార్కులు

ఒక మనిషి గొంతును ఏళ్ల తరబడి మోస్తున్నాను. గొంతుకు బరువేమిటని నవ్వకండి. మనిషిని నలుగురం కలిసి మోశాం. గొంతును మాత్రం నేనొక్కడినే మోస్తున్నాను.

ముందు నా తెలివితక్కువతనం చెప్పుకుంటాను. ఖమ్మంలో విత్తనాలు, పురుగుమందులు అమ్మే కంపెనీ ఆఫీసులో నా ఉద్యోగం. మార్కెటింగ్ ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఎంచి చెప్పమని ఓనరు నాకు పురమాయించాడు. తనంతట తనే రైతులకు ఫోన్లు చేసి, ఎవరు ఎంతసేపు విన్నారో చూసి, ఎవరు కొంటారో మార్కులు వేసే సరుకు అది. దాన్ని అమ్మే కంపెనీలకు మార్కెట్‌లో ఏ స్థానం ఉందో కూడా చూడమన్నాడు. మార్కెట్‌లో స్థానమంటే మిర్చి యార్డులో గేటు దగ్గరా, లోపలా అన్నదే నాకు తెలిసిన లెక్క. ఇలాంటి కంపెనీలకు ఏటా ర్యాంకులిచ్చే సంస్థ గీసిన నాలుగు గడుల పటం ఒకటి నా ముందు పెట్టారు. పై మూల చుక్క గొప్ప కంపెనీ, కింది గడి చుక్క చిన్నది. చుక్కలు చూసి జాతకం చెప్పేవాడిలా తలాడించాను.

పై మూల చుక్కవాళ్ల గొంతు వార్తలు చదివినట్టుంది. పరీక్షకు కొన్ని ఫోన్లు చేయిస్తే, నమస్కారం పూర్తయ్యేలోగా మా రైతులు ఫోన్ పెట్టేశారు. కింది గడివాళ్ల సేల్స్ మనిషి వచ్చి, ఎవరి గొంతైనా కొంచెం ఇస్తే చాలు, అదే గొంతుతో ఏ మాటైనా పలికిస్తామన్నాడు.

నా దగ్గర వెంకన్న గొంతు ఉంది.

వెంకన్న మా ఫీల్డు మనిషి. ఏన్కూరు నుంచి భద్రాచలం దారిలో అడవి అంచు ఊళ్ల దాకా బండి మీద తిరిగేవాడు. తెగుళ్ల గురించి ఆయన చెప్పిన రికార్డింగులు రైతుల ఫోన్లకు పంపేవాళ్లం. ఆ ఎండాకాలమే అడవి మలుపులో లారీ గుద్ది పోయాడు. “ఇంటివాళ్ల అనుమతి ఉందిగా సార్?” అని సేల్స్ మనిషి అడిగాడు. ఉందన్నాను. నేను ఎవరినీ అడగలేదు. నా తప్పు ఆ ఒక్క మాట. తర్వాతివన్నీ దాని సంతానం.

డెమో రోజు ఏసీ గదిలో వెంకన్న మాట్లాడాడు. “ఏం అన్నా, మిరపకు ముడత పట్టిందా?” ఓనరు స్పీకరు వైపు చూడలేదు. తలుపు వైపు చూశాడు. నేనూ చూశాను. ఎవరూ రాలేదు. నేను ఆ కంపెనీకి అందరికంటే ఎక్కువ మార్కులు వేశాను.

వెంకన్న భార్య నాగమణి ఏన్కూరులో మిరప వేస్తుంది. ఆమె నంబరు కూడా మా రైతుల జాబితాలో ఉంది. మరిచిపోయానా? మరిచిపోయాననే ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను.

ఒక పొద్దున ఆమె ఫోన్ చేసింది.

“తమ్మీ, మీ అన్న ఫోన్ చేసిండు.”

“అది పాత రికార్డింగ్ వదినా. ఎక్కడో మిగిలిపోయి ఉంటది.”

“పాతదైతే మొన్న వచ్చిన కొత్త విత్తనం పేరు ఎట్ల చెప్పిండు?”

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

“బతికున్నప్పుడు నేను చేస్తే సిగ్నల్ లేదనెటోడు. ఇప్పుడు ఏడ దొరికిందో సిగ్నల్!” అని కొంచెం నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. “గది పోనీ. నన్ను అక్కా అన్నడు తమ్మీ. ఎన్నడన్న గట్ల పిలిచిండా? పోయినోళ్లకు ఇంటోళ్లు యాదికుండరా?”

“చూస్తా వదినా.”

“అవ్, జర జల్దీ చూడు.”

నడివయసు ఆడవాళ్లందరినీ అక్కా అని పిలవమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పింది నేనే. ఆపేయాలంటే ఒక్క మీట చాలు. ఆపితే ఎందుకు ఆపావని ఓనరు అడుగుతాడు, అనుమతి సంగతి బయటపడుతుంది. నేను ఆపలేదు. సరిదిద్దాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతూ “మా మణమ్మ ఏం పంపిందో” అనేవాడు వెంకన్న. ఆమె పేరు పక్కన, ఎలా పిలవాలి అన్న గడిలో, మణమ్మా అని కొట్టాను.

ఆమె మళ్లీ నాకు ఫోన్ చేయలేదు. మొగుడి ఫోన్ మాత్రం రోజూ ఎత్తింది.

విన్నవాళ్లు ఏమన్నారో కూడా ఆ సాఫ్ట్‌వేర్ దాచి ఉంచుతుంది. ఒకసారి విన్నాను. వినకుండా ఉండాల్సింది. వెనక కోళ్లు అరుస్తున్నాయి. ముడతకు మందు కొట్టాననీ, కూలోళ్లు దొరకలేదనీ, మోకాలు నొస్తోందనీ చెబుతోంది. మధ్యలో కోళ్లను అదిలించింది. తర్వాత, “ఇంటున్నవా?”

“సంతోషం మణమ్మా. రేపు మాట్లాడుత,” అన్నాడు వెంకన్న. అది నేను రాసిన ముగింపు వాక్యమే. అయినా ఇయర్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టేశాను.

ఆమెకు అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఏడుపుకూ ఆసక్తికీ ఆ యంత్రానికి తేడా తెలియదు. తెలిసిన నేనేం చేశాను? ఏడాదికోసారి ఆ పటం గీసేవాళ్లు ఫోన్ చేసి, సాఫ్ట్‌వేర్ ఎలా ఉందని అడిగితే, “మా రైతులు ఫోన్ పెట్టేయరండీ” అన్నాను. కింది చుక్క పై గడికి ఎక్కింది. దాన్ని చూసి ఇంకెన్ని ఆఫీసులు ఇంకెవరి గొంతులు ఇచ్చాయో!

మొన్న సీజనులో మిర్చి యార్డులో ఆమె కనిపించింది. బస్తాల మీద కూర్చుని, ఫోన్ చెవికి ఆనించుకుని, నవ్వుతూ మాట్లాడుతోంది. అక్కడే నిలబడిపోయాను. వెంకన్న ఫోన్ అంతసేపు ఉండదు. లైను ఎప్పుడో తెగిపోయింది. ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉంది.

ఆ సాయంత్రమే ఆమె నంబరు తీసేశాను. మంచి చేశానా, రెండోసారి చంపానా? ఫోన్ ఎందుకు రావడం లేదని ఆమె అడగలేదు. నేను చెప్పలేదు. మీకే మొదట చెబుతున్నాను. క్షమించే హక్కు మీకు లేదని తెలుసు. చెబితే ఊపిరి ఆడుతుందని చెప్పాను, అంతే.

తర్వాత మిగతా నంబర్లకు గొంతు మార్చేశాను. వెంకన్న గొంతు కింద ఒక్క నంబరే ఉంచాను, నాది. నా మీద నేను తీర్చుకోగలిగిన పగ అంతే. ఎలా పిలవాలి అన్న గడిలో, ఆయన నన్ను పిలిచే పిలుపే కొట్టాను. రోజూ పొద్దున్నే ఫోన్ మోగుతుంది.

“ఏంరా మొద్దూ, మిరప ఎట్లున్నది?”

నాకు సెంటు భూమి లేదు. అయినా చివరిదాకా వింటాను.