ఒకే పడుగున పుట్టిన మాట

నీలావతిది ధర్మవరం. అమ్మ కుళ్ళాయమ్మ పట్టుచీరలు నేస్తాది. మగ్గం చప్పుడు వింటానే ఇంగ్లీషు ఎమ్మే చదివిన పిల్ల, "మా యమ్మ చీర నేస్తాది, నేను ఇంగ్లీషు చెప్తా" అని ఎవరడిగినా గొంతు తగ్గించకుండా చెప్తాది. చెప్పుకోవద్దా మరి? అదేమన్నా దొంగతనమా!

హిందూపురంలో ఏడాదికేడాది ఉంటాదో ఊడుతాదో తెలియని కొలువు చేసి విసిగిపోయింది. పెనుకొండలో ఒక బడిలో పర్మనెంటు పోస్టు పడింది. పిల్లల ముందర పాఠం చెప్పి మెప్పిస్తేనే ఉద్యోగం. కాకపోతే మళ్ళీ అదే హిందూపురం బస్సు.

ఆ పొద్దు అమ్మ నేసిన కొత్త చీర కట్టింది. చీర చివర నేసిన రవిక గుడ్డను టైలరు రేపు రేపంటా కుట్టకనే తిరిగిచ్చేసినాడు. అందుకని అంగట్లో అదే రంగు రవిక కొనుక్కొని తొడుక్కొంది. కుళ్ళాయమ్మ ఆమెను ఎండలోకి లాగి చూసి, "రంగు కలిస్తే చుట్టమవుతాదా? ఆ పడుగు వేరే, ఈ పడుగు వేరే" అని గొణిగింది.

"ఊరుకోమ్మా, ఎవురు చూస్తారు!" అని, అసలు గుడ్డను వచ్చేటప్పుడు వేరే టైలరుకిద్దామని సంచిలో కుక్కుకొని పోయింది.

బళ్ళో పాఠం చెప్పను ఆమెకిచ్చిన ఇంగ్లీషు మాట 'జర్మేన్' (germane). మాట్లాడుతున్న విషయానికి సంబంధించినది అని అర్థం చెప్పింది. ఒక పాప లేచి, "అంటే దానిమాదిరి ఉండేదా, మిస్?" అనింది. నీలావతి తల అడ్డంగా ఊపింది. మాదిరి ఉంటే చాలదే! అమ్మ గొణుగుడు గుర్తొచ్చింది. సంచిలో చెయ్యి పెట్టింది.

"నా చీరా, రవికా ఒకే రంగేనా?"

"ఒకటే మిస్!"

పిల్లల్ని ఎండ పడే కిటికీ దగ్గరికి పిలిచింది. "లేదు మిస్, తేడా ఉండాది!"

అప్పుడు అమ్మ నేసిన రవిక గుడ్డను తీసి కొంగు మీద పరిచింది. ఎండలో కూడా యాడా తేడా లేదు.

"ఇవి రెండూ మా యమ్మ మగ్గంలో ఒకే పడుగు మీద పుట్టినాయి. లాటిన్‌లో జర్మానుస్ అంటే ఒకే అమ్మానాయనలకు పుట్టినోళ్ళు. ఆ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకొచ్చి, మనుషుల చుట్టరికం నుంచి మాటల చుట్టరికానికి మారింది. మీరు చెప్పే మాట ప్రశ్నను పోలి ఉంటే చాలదు, దాని తోడబుట్టినదై ఉండాల."

వెనక కూర్చొని పాఠం వింటున్న బడి కరస్పాండెంటు గొంతు లేచింది. "ఏమ్మా, ఇంగ్లీషు క్లాసులో ఈ చీరల అంగడేంది? పాఠానికి ఏం సంబంధం?"

అయిపోయిందిరా దేవుడా అనుకొనింది నీలావతి. నోరు తెరిచేలోపలే ఇందాకటి పాప మళ్ళీ లేచింది.

"చీర లేకుంటే మాకు మాట తెలిసేదే కాదు సార్! అందుకే ఈ చీర పాఠానికి జర్మేన్!"

క్లాసంతా చప్పట్లు. పెద్దాయన పకపకా నవ్వినాడు. సోమవారం వచ్చి చేరమన్నాడు. పోతాపోతా, "మా ఇంటామెకు మీ అమ్మతో ఒక చీర నేయించి ఇస్తావా?" అన్నాడు.

నీలావతి గేటు దాటీ దాటకముందే అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పింది. అవతల మగ్గం ఆగిపోయింది. కుళ్ళాయమ్మ ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాత్రం వినబడింది.

"నేసిస్తాలే. రవిక గుడ్డ మాత్రం అంగట్లో కొనొద్దని ఆ సారుకు గట్టిగా చెప్పు" అనింది.