కాలవలో పడింది ఎవరు?

మా ఆయన మస్కట్‌లో ఏసీలు బాగుచేస్తారు. అక్కడొక బట్టల షాపులో జాకెట్లు కుట్టే మనిషి కావాలంటే నా సంగతి చెప్పారు. అంతా కుదిరింది. కానీ షాపావిడ ముందు నాతో ఫోన్లో మాట్లాడాలందట, అదీ ఇంగ్లీషులో. నాకు ఇంగ్లీషు వింటే అర్థమవుతుంది. పిల్లల చేత హోంవర్కు చేయించి చేయించి చదవడమూ వచ్చింది. నోరు తెరవమంటేనే నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. అందుకని కొత్తపేటలో ఎరువుల కొట్టు పైన మేడ మీద నడిచే స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరాను.

మేడం నాకన్నా బాగా చిన్నపిల్ల. గుమ్మం దాటి లోపలికొచ్చాక తెలుగు వినపడకూడదన్నది ఆవిడ పెట్టిన రూలు. ఆ రూలు వల్ల మొదటి వారమంతా క్లాసు చాలా ప్రశాంతంగా నడిచింది. ఎవరమూ మాట్లాడలేదు.

మిగతావాళ్ళందరూ నర్సింగు చదివే ఆడపిల్లలు, గల్ఫు వెళ్ళబోయే కుర్రాళ్ళు. పెద్దవాళ్ళం ఇద్దరమే. నేనూ, నా బెంచీ అవతలి కొసన కూర్చునే ఒక రైతూ. అరవై దాటిన మనిషి కాబట్టి నేను బాబాయిగారూ అనేదాన్ని. ఆయన తన కొబ్బరితోటలో గదులు కట్టి టూరిస్టులకి అద్దెకిస్తున్నారు.

"సగంమంది సైకిళ్ళేసుకునే వస్తారమ్మా" అన్నారు ఒకరోజు మెట్లెక్కుతూ. "సైకిలు కారుకి కట్టుకొస్తారు. కారు నా తోటలో వదిలేసి, మిట్టమధ్యాహ్నం ఎండలో సైకిలు తొక్కుతారు. ఎందుకండీ ఈ బాధ అని అడుగుదామంటే ఇంగ్లీషు రాదు. అందుకే చేరేను."

"ఆయ్, నిజవేనండీ" అన్నాను.

ఆ రోజే మేడం బోర్డు మీద చిన్నప్పటి సైకిలు అని ఒకటి, ఈ రోజుల్లో సైకిలు తొక్కడానికి అంత మోజెందుకు అని ఒకటి, రెండు విషయాలు రాసింది. పక్కవాళ్ళతో మాట్లాడుకుని, లేచి ఎవరి కథ వాళ్ళు కాకుండా పక్కవాళ్ళ కథ చెప్పాలి.

నా కథ రెండు ముక్కల్లో అయిపోయింది. అన్నయ్య సైకిలు, నాకు సీటు అందదు, బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కేదాన్ని. తర్వాత బాబాయిగారు గొంతు సవరించుకున్నారు.

"మై మేరేజ్. న్యూ వైఫ్. సైకిల్ బ్యాక్ సిట్టింగ్. కెనాల్ రోడ్. బఫెలో కమింగ్. వైఫ్ ఫియర్. వైఫ్ షేకింగ్. వైఫ్ ఫాలింగ్ కెనాల్. ఐ సేవింగ్."

"చిన్నప్పటిది చెప్పమన్నారండీ" అని గొణిగాను.

"పంతొమ్మిదేళ్ళకే చేసేరమ్మా పెళ్ళి. చిన్నప్పుడు కాకపోతే ఏంటది?"

నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను. "హిజ్ వైఫ్..." అన్నాను. తర్వాతి మాట గుర్తు రాలేదు. గుర్తున్న మాట పైకొచ్చేసింది. "బఫెలో" అన్నాను. అక్కడితో నాలుక అతుక్కుపోయింది.

నర్సింగు పిల్లలు బెంచీల మీద పడి నవ్వారు. బాబాయిగారూ నవ్వారు. అదే ఆయన చేసిన పొరపాటు. ఆ పిల్లల్లో ఒకమ్మాయిది బాబాయిగారి ఊరే.

మర్నాడు క్లాసు మొదలవగానే మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. తలలో చామంతులు పెట్టుకున్న ఒక పెద్దావిడ గుమ్మంలోకొచ్చి ఆగారు. ఆవిణ్ణి చూడగానే బాబాయిగారు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"నన్ను గేదె అన్నది ఎవరమ్మా?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "నేనేనండీ పిన్నిగారూ. కానీ అనాలని అన్లేదండీ. మధ్యలో ఆగిపోయేనండీ" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు సరేలే. అసలు ఈయనేం చెప్పేరో అది చెప్పు" అన్నారు. చెప్పాను. విన్నకొద్దీ ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి.

మేడం మెల్లగా తన రూలు గుర్తుచేసింది. "నాకు రాదు తల్లీ. వచ్చినవాళ్ళెవరన్నా నా మాట చెప్పండి" అని పిన్నిగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మేడం మొహం వెలిగిపోయింది. ఆ వెలుగుతోనే నా వైపు చెయ్యి చూపించింది.

"అసలు గేదె ఎదురు రాలేదు" అని మొదలుపెట్టారు పిన్నిగారు. "దాని మానాన అది గట్టు పక్కన గడ్డి మేస్తోంది. ఈయనే దానికి ఎదురెళ్ళేరు."

"బఫెలో డిడ్ నాట్ కమ్" అన్నాను నేను. "బఫెలో వాజ్ ఈటింగ్ గ్రాస్. హీ వెంట్ టు బఫెలో."

"భయపడింది నేను కాదు. సైకిలొదిలేసి ఈయన గట్టు మీదకి దూకేసేరు. సైకిలూ నేనూ కాలవలోకి వెళ్ళేం."

"హీ జంప్డ్! షీ అండ్ సైకిల్ వెంట్ ఇంటూ ద కెనాల్ టుగెదర్!"

"తనే కాపాడేనని చెప్పేరండీ, నిజవేనా?" అని అడిగాను.

"కాపాడేరు, ఎందుకు కాపాడలేదు? ముందు సైకిల్ని. అది మా ఆడపడుచు మొగుడిది. దాన్ని గట్టెక్కించి, బురద తుడిచి, బెల్లు మోగుతోందో లేదో చూసుకుని, అప్పుడు నాకు చెయ్యందించేరు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఫస్ట్ హీ సేవ్డ్ ద సైకిల్! హీ చెక్డ్ ద బెల్! దెన్ వైఫ్! షేమ్, సర్, షేమ్!"

"ఆ షేము ఆవిడ అన్లేదు!" అని బాబాయిగారు పుస్తకం దించి అరిచారు.

"ఇంగ్లీష్, అంకుల్!" అంది మేడం.

"షేమ్... షీ నాట్ టోల్డ్! వాటర్ స్మాల్. ఓన్లీ నీ. వైఫ్ కెన్ స్టాండ్. సైకిల్ కెనాట్ స్టాండ్!"

నేను పిన్నిగారి వైపు తిరిగి, "నీళ్ళు మోకాలి లోతేనటండీ. మీరైతే లేచి నిలబడగలరు, సైకిలు నిలబడలేదు కదా అంటున్నారండీ" అన్నాను. ఆవిడ నవ్వకూడదని పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు కానీ భుజాలు ఊగిపోయాయి.

అప్పుడు గమనించుకున్నాను. నేను చాలాసేపట్నుంచి నిలబడి ఇంగ్లీషు మాట్లాడుతున్నాను. తగువు నాది కాకపోవడం వల్ల కాబోలు, నాలుక భయపడటం మర్చిపోయింది.

మేడం పనిలో పనిగా రెండో విషయం కూడా అడిగించింది. ఇప్పుడు జనానికి సైకిలంటే ఇంత ఇష్టం ఎందుకు?

"అప్పుడు గతిలేక తొక్కేవాళ్ళు. ఇప్పుడు పొట్టలొచ్చి తొక్కుతున్నారు" అన్నారు పిన్నిగారు. దాన్ని ఇంగ్లీషు చెయ్యడానికి క్లాసంతా కలిసినా కుదరలేదు.

"మరి ఆ తర్వాత మళ్ళీ సైకిలెక్కేరా?" అని అడిగింది మేడం, తన రూలు తనే మర్చిపోయి.

"ఇంకెక్కడమ్మా? ఎక్కమని ఈయన అడిగితే కదా."

బాబాయిగారు లేచి నిలబడ్డారు. "కమ్" అన్నారు భార్యతో. "నౌ."

వెనక క్యారియరున్న సైకిలు ఒక నర్సింగు అమ్మాయిది ఉంది. అందరం వరండాలోకి పరిగెత్తి చూస్తుండగా, పిన్నిగారు చీర సర్దుకుని వెనక కూర్చుని, భర్త చొక్కాని రెండు చేతులా గుప్పిట పట్టుకున్నారు. సైకిలు ఎడమకి వంగింది, కుడికి వంగింది, ఎరువుల బస్తాలు దించుతున్న లారీని తాకీ తాకకుండా దాటి సందు మలుపు తిరిగింది. మేం చప్పట్లు కొట్టాం.

తర్వాత ఎంతకీ రాలేదు. క్లాసు టైమైపోయింది. సైకిలమ్మాయి గడియారం చూసుకుంటోంది. మేడం అయితే, "నేనే వెళ్ళనిచ్చేనండీ, ఏవన్నా అయితే?" అని అచ్చ తెలుగులో కంగారుపడింది.

చీకటిపడే వేళకి ఇద్దరూ సైకిలు నడిపించుకుంటూ వచ్చారు. ఆయన పంచె మోకాళ్ళ దాకా, ఆవిడ చీర ఇంకాస్త పైదాకా తడిసి ఉన్నాయి. హ్యాండిలుకి వేడివేడి మిరపకాయ బజ్జీల సంచీ వేలాడుతోంది. పెళ్ళయిన కొత్తలో పడ్డప్పుడు కాలవ ఎంత లోతుందన్న దగ్గర మాటామాటా పెరిగి, కాలవ దాకా వెళ్ళి, మెట్లు దిగి నిలబడి చూసుకున్నారట.

"ఎంత లోతుందండీ?" అని అడిగాం.

"ఈయనకి మోకాలు. నాకు మోకాలికి పైన" అన్నారు పిన్నిగారు. అలా గొడవ సమంగా తేలిందని ఇద్దరూ ఒప్పుకుని, వచ్చేటప్పుడు బజ్జీలు కట్టించుకున్నారు.

సోమవారం నుంచి పిన్నిగారు కూడా క్లాసుకి వస్తున్నారు. ఆయన పక్కన కూర్చోరు. "ఇంట్లో చూస్తున్నది చాల్లే" అని నా పక్కన చేరారు.

ఆ వారాంతంలో మస్కట్ నుంచి షాపావిడ ఫోన్ చేసింది. ఏం కుట్టగలవు, ఎప్పుడు రాగలవు అని అడిగితే అన్నిటికీ చెప్పాను. ఒకచోట ఆవిడ తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దాను కూడా. చివర్లో, నువ్వేమన్నా అడగాలా అంది.

అక్కడ ఆడవాళ్ళు సైకిలు తొక్కుతారా అని అడిగాను.

ఆవిడ ఆ ప్రశ్న మళ్ళీ అడగమంది. తను సరిగ్గా గమనించలేదని, కనుక్కుని చెబుతానని అంది.