జయ విరవని పుల్ల

ఎర్రయ్య అంటే నాకు పడదు. ఆ మాట ముందే చెప్పేస్తే నా మనసు తేలికపడుతుంది. మహారాష్ట్ర బొగ్గుగనుల ఊరు ఘుగ్గుస్‌లో మా తెలుగువాళ్ళ బస్తీకి ఆయన కులపెద్ద. గనిలో పనిచేసినన్నాళ్ళూ ఎవరితోనూ ఒక మంచి మాట మాట్లాడింది లేదు, రిటైరయ్యాక మాత్రం ఊరందరికీ తీర్పులు చెబుతున్నాడు. కానీ నేను చెప్పబోయేది జయ గురించి.

జయ వాళ్ళ నాన్న పెద్దపల్లి వైపు నుంచి బొగ్గు తవ్వడానికి వచ్చాడు. జయ ఇక్కడే పుట్టింది, మరాఠీ బడిలో చదివింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవమంటే కూడబలుక్కుంటుంది. చంద్రపూర్ బస్సులో నిలబడి వెళ్ళొస్తూ కాలేజీ చదువు పూర్తి చేసింది. పెళ్ళయ్యాక అత్తింటి ముందు రేకుల షెడ్డు వేసి ఇంగ్లీషు ట్యూషన్ పెట్టింది. మెత్తని మనిషేం కాదు. హోంవర్క్ చేయని పిల్లల తల్లులను కూడా నిలబెట్టి కడిగేస్తుంది. ఒకసారి నన్నూ కడిగింది. మా అమ్మాయికి మార్కులు బాగా వచ్చాయి కాబట్టి నోరు మూసుకున్నాను.

మొగుడు సంజయ్ ఆవర్‌పూర్‌లో లారీల మీద సూపర్‌వైజర్. అక్కడే ఇంకో ఆమెతో కాపురం పెట్టి ఇటు రావడం మానేశాడు. జయ అత్త ఆగమ్మ దగ్గరే ఉండిపోయింది. ప్రేమతో అనుకునేరు! ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు. ఆగమ్మ నోరు విప్పేదే కోడలిని తిట్టడానికి. కోడలూ ఏమీ తక్కువ తినలేదు. జయ కూతురు, ఎనిమిదేళ్ళ శ్రీవాణి మాత్రం రెండు పొయ్యిల దగ్గరా తినేది.

మొన్న ఎండాకాలంలో ఆ ఆవర్‌పూర్ ఆమెకు కొడుకు పుట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది సంజయ్‌కి, తనకో కూతురుందని. పసివాణ్ణి ఎత్తుకు తిప్పడానికి ఇంట్లో ఒక ఆడపిల్ల కావాలి కదా. ఎర్రయ్య దగ్గరికి వెళ్ళి పుల్ల విరుపు పెట్టించమన్నాడు.

మా కులంలో మొగుడూ పెళ్ళాం విడిపోవాలంటే పెద్దల ముందు పుల్ల విరవాలి. మరాఠీవాళ్ళు కాడీమోడ్ అనేది దీన్నే. కోర్టులున్నాయి, చట్టాలున్నాయి, అయినా పుల్ల విరిగితేనే మావాళ్ళకు నమ్మకం. ఎవరు విరిస్తే వాళ్ళు విడిచినట్టు. విడిచినవాళ్ళకు పిల్లల మీద ఇక ఏ మాటా ఉండదు. అందుకే జయ చేతే విరిపించాలని ఎర్రయ్య ఆమె షెడ్డు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు.

"నువ్వే ఇరువు బిడ్డా, పీడ వోతది. పిల్ల ముచ్చట తర్వాత సూద్దాం" అనేవాడు తీయగా. ఆ తీపికి నాకు ఒళ్ళు మండేది.

ఒక సాయంత్రం నేను మా అమ్మాయి కోసం వెళ్ళేసరికి ఆయన మళ్ళీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. జయ పట్టించుకోకుండా పాఠం చెబుతోంది. బోర్డు నిండా విడిచిపెట్టడానికి ఇంగ్లీషులో ఉన్న మాటలే.

"కుర్చీ ఇడిసేటోడు రిజైన్ చేస్తడు. వయసైపోయినోడు రిటైర్ అయితడు. ఎలక్షన్ల నిలబడి ఎనుకకు జరిగితే విత్‌డ్రా. దేశంలకెంచి ఒక ముక్క ఏరువడితే సెసీడ్. ఏ మాట రాసినా ముందుగాల పోయిందెవరో అడగాలె, సమజైందా?"

"డిజర్ట్ అంటే ఏంది మేడం?" అంది ఓ పిల్ల.

జయ గుమ్మం వైపు చూసింది. "తనను నమ్ముకున్నోళ్ళను నడిమిట్ల ఇడిసి పారిపోవుడు. ఫౌజుల గట్ల చేస్తే జేల్ల ఏస్తరు."

ఎర్రయ్య గొంతు సవరించుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం మా కులసమాజం షెడ్డులో పంచాయతీ పెట్టారు. మగాళ్ళు కుర్చీల్లో, మేం చాపల మీద. సంజయ్ కొత్త చొక్కా వేసుకుని స్నేహితులను వెంటేసుకొచ్చాడు. ఆగమ్మ కొడుకు వెనక కూర్చుంది. ఇంకెక్కడ కూర్చుంటుందిలే అనుకున్నాం. శ్రీవాణి తల్లి కొంగు గుప్పిట్లో పట్టుకుని ఉంది. ఎర్రయ్య ఎండిన పత్తిపుల్ల ఒకటి తీసి జయ ముందుకు చాచాడు.

"నేనెందుకు ఇరువాలె? ఇల్లు ఇడిసిపోయింది ఆయన" అంది జయ.

"మాటలు పెంచకు" అన్నాడు ఎర్రయ్య.

"పెంచుత." ఆమె సంజయ్ వైపు తిరిగింది. "నిన్ను ఇంగ్లీషుల డిజర్టర్ అంటరు. తెలుగుల చెప్పాల్నా? పారిపోయినోడు. కన్నబిడ్డకు మొఖం చూపియ్యలేక దొంగలెక్క పారిపోయినోడు."

చాపల మీద మేం ఘొల్లుమన్నాం. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను, ఎంత హాయిగా ఉందో చెప్పలేను. సంజయ్ స్నేహితుల్లో కూడా ఒకడు నవ్వాడు. దాంతో సంజయ్‌కి తిక్క రేగింది.

"ఎవడే పారిపోయినోడు? నేను పారిపోలే! నిన్ను నేనే ఇడిసిపెట్టిన. నాకు నువ్వు వద్దు!" అంటూ ఎర్రయ్య చేతిలోని పుల్ల లాక్కుని ఫట్‌మని విరిచి ఆమె కాళ్ళ దగ్గర విసిరేశాడు.

తానేం చేశాడో తెలిసొచ్చి సంజయ్ మొహం మాడిపోయింది. జయ కూతురి తల మీద చెయ్యి వేసి ఊపిరి వదిలింది.

"ఇది లెక్కల రాదు. కోపంల ఇరిచిండు. ఇంకో పుల్ల తెండి" అన్నాడు ఎర్రయ్య.

కుర్చీల్లోని తలలన్నీ ఊగాయి. ఒకడు పుల్ల కోసం బయటికి పరిగెత్తాడు. నా రక్తం ఉడికిపోయింది. ఏదో అరిచాను, చాపల మీది అరుపు ఎవడికి పట్టింది! జయ వాళ్ళ నియమంతోనే వాళ్ళను గెలిచింది. ఆ నియమాన్నే వాళ్ళు మింగేస్తే ఇంక దేన్ని పట్టుకుని వాదిస్తుంది? శ్రీవాణిని ఒళ్ళోకి లాక్కుంది.

అప్పుడు ఆగమ్మ లేచింది. కింద పడ్డ రెండు ముక్కలూ ఏరుకుని ఎర్రయ్య ఎదుటికి వెళ్ళింది.

"నేను గూడ కోపంలనే ఇరిచిన ఎర్రయ్యా, మంచిర్యాలల, నా మొదటి మొగని ముంగట. అప్పుడు మీ నాయిననే పెద్ద. తప్పైంది, నా బిడ్డను నాకియ్యున్రి అని కాళ్ళ మీద వడ్డ. ఇరిగింది ఇరిగిందే అన్నడు. నా కోసం ఇంకో పుల్ల తెచ్చిండా మీ నాయిన?"

ఎర్రయ్య తల దించుకున్నాడు. ఆ సంగతి ఆయనకు తెలుసని ఆ తలే చెప్పింది.

"ఏ బిడ్డ అవ్వా?" అన్నాడు సంజయ్.

"నీ అక్క. పాలు గూడ మరువలే. సంకల నుంచి గుంజుకున్నరు."

పుల్ల కోసం వెళ్ళినవాడు తిరిగొచ్చి, దాన్ని వీపు వెనక దాచుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆగమ్మ ఆ ముక్కలు రెండూ ఎర్రయ్య ఒళ్ళో పడేసింది. తర్వాత కోడలి వైపు తిరిగింది. ఇన్నేళ్ళకు ఒక మంచి మాట అంటుందేమోనని చూశాను.

"నీ మొఖం సూడబుద్ధి గాదు నాకు. లే. పోరికి అన్నం యాళ్ళైంది, ఇంటికి తోల్కపో."

జయ పిల్లను ఎత్తుకుని లేచింది. వాళ్ళిద్దరూ గేటు దాటేదాకా ఆగమ్మ ఎర్రయ్య కుర్చీకి అడ్డంగా నిలబడే ఉంది.